రెక్కను చూసి రాసిన వంశవృక్షం

తెలుగులో తూనీగ అన్న ఒక్క మాటలో రెండు రకాల కీటకాలు ఇమిడిపోయాయి. చెరువు గట్టున ఎండుకొమ్మ చివర రెక్కలు బారచాచి కూర్చునే దిట్టమైన తూనీగ ఒకటి. నీటి అంచున గడ్డిపోచకు సూదిలా అతుక్కుని, రెక్కలు వీపు మీద జోడించుకునే సన్నతూనీగ మరొకటి. మేఫ్లైకి మాత్రం అందరూ ఎరిగిన పేరే లేదు. రాత్రిపూట దీపం చుట్టూ చేరితే ఉసిళ్ళలో కలిపేసి పొద్దున్నే చీపురుతో ఊడ్చేస్తాం. ఉసిళ్ళు నేలలోంచి వచ్చే రెక్కల చెదలు, మేఫ్లై నీటిలో పుట్టి పెరిగే జీవి. రెండింటికీ దగ్గరి చుట్టరికం లేదు. శాస్త్రం లెక్కలో తూనీగలూ సన్నతూనీగలూ కలిసి ఓడొనేటా అనే క్రమం, మేఫ్లైలు ఎఫెమెరాప్టెరా అనే వేరే క్రమం. మొదటిదానిలో ఇప్పటికి 6,300కు పైగా జాతులకు పేర్లు పెట్టారు, రెండోదానిలో 3,500కు పైగా. దాదాపు రెండు వందల డెబ్బై ఏళ్ళుగా సాగుతున్న ఈ పేర్లు పెట్టే పనిని మొత్తంగా చూస్తే నాకు ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తోంది. ఈ కీటకాలను మనం ముఖ్యంగా రెక్కను చూసి అంచనా కట్టాం. రెక్క వాటి బతుకులో చివరన, కొద్దికాలం మాత్రమే కనిపించేది. వర్గీకరణలో దొర్లిన పెద్ద పొరపాట్లు చాలావరకు ఈ అలవాటు నుంచే పుట్టాయి. వాటిని దిద్దిన ఆధారాలు నీటి అడుగు నుంచి, శరీరంలోని వేరే భాగాల నుంచి, చివరికి డీఎన్ఏ నుంచి వచ్చాయి.

మొదటి నుంచీ చూద్దాం. 1758లో లినేయస్ తన జీవుల వర్గీకరణ గ్రంథం పదో కూర్పులో తూనీగలన్నిటినీ లిబెల్యులా అనే ఒకే ప్రజాతిలో, మేఫ్లైలను ఎఫెమెరా అనే ఒకే ప్రజాతిలో ఉంచి, రెండింటినీ న్యూరాప్టెరా అనే క్రమంలో పడేశాడు. న్యూరాప్టెరా అంటే ఈనెల రెక్కలున్నవి. వలలాంటి రెక్క ఉంటే చాలు, అందులోకి వచ్చేసేది. తూనీగలను లోపల మళ్ళీ రెండుగా విడదీసినప్పుడు కూడా ఆయన మొదట పట్టించుకున్నది వాలినప్పుడు రెక్కలు ఎలా ఉంచుకుంటాయన్నదే. ఆయన శిష్యుడు ఫాబ్రీషియస్ దారి మార్చాడు. కీటకాలను నోటి భాగాలను బట్టి విడదీయాలన్నది అతని పట్టుదల. 1793లో అతను పెట్టిన ఓడొనేటా అన్న పేరు పంటికి గ్రీకులో ఉన్న మాట నుంచి వచ్చింది. ఆ రోజుల్లో కోరమాండల్ తీరాన తరంగంబాడిలో డెన్మార్క్ వారి స్థావరం ఉండేది. భారతదేశం నుంచి అందిన నమూనాల మీద ఫాబ్రీషియస్ చాలా పని చేశాడు. మన చెరువుల కలుపులో, తూటాకుల మధ్య పసుపు రంగులో మెరిసే సన్నతూనీగకు 1798లో అతను పెట్టిన కోరమాండెలియానమ్ అన్న పేరులో ఈ తూర్పు తీరం ఇప్పటికీ నిలిచి ఉంది. అదే ఏడాది పేరు పొందిన మరో కీటకం పాంటాలా ఫ్లావెసెన్స్. వానాకాలంలో మైదానాల మీద గుంపులు గుంపులుగా తేలియాడే లేత పసుపు తూనీగ అదే.

నోటిని బట్టి పేరు వచ్చినా, తర్వాతి వందేళ్ళలో పెత్తనం మళ్ళీ రెక్కకే దక్కింది. బెల్జియంకు చెందిన సెలీ లాంగ్‌షాంప్, ఆస్ట్రేలియాలో పనిచేసిన టిల్యార్డ్, ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో వైద్యుడిగా ఉన్న ఫ్రేజర్, ముగ్గురూ రెక్క ఈనెలను అక్షరాల్లా చదివిన మహానుభావులు. బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలో 1933, 1934, 1936లలో వచ్చిన ఫ్రేజర్ మూడు సంపుటాలు లేకుండా భారతదేశంలో తూనీగను గుర్తుపట్టడం నేటికీ కష్టమే. 1957లో ఆయన మొత్తం క్రమాన్నే తిరిగి వర్గీకరించి ఇంకో పుస్తకం రాశాడు, దానికీ రెక్క ఈనెలే వెన్నెముక. వీరిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. తూనీగ చచ్చాక ఒంటి రంగు మాసిపోతుంది, కళ్ళలో మెరుపు గోధుమరంగు మచ్చగా మిగులుతుంది. రెక్క మాత్రం వందేళ్ళయినా చెదరదు. శిలాజాల్లోనూ తరచుగా చేతికి దొరికేది రెక్కే. ఫ్రాన్స్‌లోని కొమాంత్రీ బొగ్గుగనుల్లో దొరికిన మెగాన్యూరా రెక్కల విస్తారం సుమారు 65 సెంటీమీటర్లు. ముప్పై కోట్ల ఏళ్ళ కిందటి ఆ జీవి నేటి తూనీగలకు నేరుగా పూర్వీకురాలు కాదనీ, పక్క కొమ్మకు చెందినదనీ తేల్చడానికి కూడా ఈనెల అమరికే సాక్ష్యం. రెక్కను వదిలేస్తే కాలం లెక్కే మనకు మిగలదు.

చిక్కంతా రెక్క చేసే పనిలో ఉంది. అది గాలిలో బరువు మోయాలి, అంటే భౌతిక సూత్రాలకు లొంగాలి. ఒంటి పరిమాణం తగ్గి, దారంలా సన్నబడిన కీటకానికి అన్ని ఈనెలూ అక్కర్లేదు. కొన్ని పొట్టిబడతాయి, కొన్ని మాయమవుతాయి. ఏ ఖండంలో సన్నబడినా ఇంచుమించు అవే ఈనెలు పోతాయి. ప్రోటోన్యూరిడే అనే కుటుంబం ఇలాగే ఏర్పడింది. దక్షిణాది వాగుల పక్కన నీడలో ఎగిరే, నల్లటి ఒంటి మీద ఎర్రచారలున్న ప్రొడాసిన్యూరా వర్టికాలిస్ అందులో ఉండేది, దక్షిణ అమెరికా అడవుల్లోని దారపు తూనీగలూ అందులోనే ఉండేవి. రెండింటికీ ఒకే రకమైన పేద రెక్క. జన్యువులను పోల్చి చూశాక తేలిందేమిటంటే, మన వాగు తూనీగ ప్లాటిక్నెమిడిడే కుటుంబానికి చెందినది, అమెరికా తూనీగలు సీనాగ్రియోనిడే కుటుంబానికి చెందినవి. రెండూ వేర్వేరుగా ఈనెలు పోగొట్టుకుని ఒకేలా తయారయ్యాయి. 2014లో డైక్‌స్ట్రా, ఆయన సహచరులు సన్నతూనీగల కుటుంబాలను తిరిగి నిర్వచించినప్పుడు ప్రోటోన్యూరిడే రద్దయింది. పోగొట్టుకున్నదాన్ని బట్టి చుట్టరికం కలపకూడదన్న పాఠానికి ఇంతకన్నా తేటైన ఉదాహరణ ఈ రంగంలో నాకు కనిపించలేదు. వాలినప్పుడు రెక్కలు మూస్తే సన్నతూనీగ, పరిస్తే తూనీగ అన్న బడిపాఠం కూడా ఇలాంటిదే. లెస్టిడే కుటుంబపు సన్నతూనీగలు చాలావరకు రెక్కలు సగం తెరిచే వాలతాయి.

ఇప్పుడు నీటిలోకి దిగుదాం. చెరువు అంచున బురదనూ నాచునూ వలతో తీసి తెల్లటి పళ్ళెంలో కొంచెం నీళ్ళలో వదిలితే, కాసేపటికి మట్టి అడుగుకు చేరుతుంది, కదలికలు మొదలవుతాయి. పొట్టిగా, బల్లపరుపుగా, గుంటనక్కలా పొంచి ఉండేది తూనీగ పిల్లపురుగు. అదిలిస్తే ఒక్కసారి ముందుకు దూసుకుపోతుంది. మలద్వారం గుండా లోపలికి పీల్చిన నీటిని వెనక్కి చిమ్మడమే ఆ దూకుడుకు కారణం. అది ఊపిరి తీసుకునే మొప్పలు కూడా ఆ లోపలి గదిలోనే ఉంటాయి. సన్నగా, ఒళ్ళంతా అటూఇటూ ఊపుతూ ఈదేది సన్నతూనీగ పిల్ల. దాని తోక చివర మూడు చిన్న ఆకుల్లాంటి మొప్పలు కనిపిస్తాయి. మూడోది మేఫ్లై పిల్ల. పొట్టకు రెండు పక్కలా వరసగా మొప్పలుంటాయి, అవి నిలబడకుండా రెపరెపలాడుతూనే ఉంటాయి, వెనక సాధారణంగా మూడు వెంట్రుకల్లాంటి తోకలు. మొదటి రెండింటికీ ముఖం కింద మడిచిపెట్టిన కింది పెదవి ఉంటుంది. ఎర దగ్గరికి రాగానే అది చేయిలా చాచుకుని, పట్టుకుని, వెనక్కి మడుచుకుంటుంది. మేఫ్లైకి అలాంటిదేమీ లేదు, అది ఎక్కువగా నాచునూ కుళ్ళిన ఆకునూ గీరుకుని తింటుంది. రెక్కలొచ్చాక అరక్షణం కూడా చేతికి చిక్కని తేడాలు ఈ పళ్ళెంలో భూతద్దం కింద నిదానంగా విడివడతాయి.

నీటిలో మొదలైన ఒక కథ వర్గీకరణనే మలుపు తిప్పింది. డార్జిలింగ్ ప్రాంతపు వాగులో దొరికిన పిల్లపురుగును చూసి 1921లో టిల్యార్డ్ ఎపియోఫ్లేబియా లైడ్‌లావీ అనే జాతిని వర్ణించాడు. అప్పటికి రెక్కలొచ్చిన కీటకాన్ని ఎవరూ చూడలేదు. అది 1960లలో గానీ బయటపడలేదు. దాని జపాన్ చుట్టం అప్పటికే తెలుసు. రెక్కలు సన్నతూనీగవి, ఒళ్ళు తూనీగది. రెక్కను నమ్మితే ఒకవైపు, ఒంటిని నమ్మితే ఇంకోవైపు మొగ్గే ఈ జీవులను అనైసోజైగాప్టెరా అనే మూడో ఉపక్రమంలో ఉంచాల్సి వచ్చింది. దానిలోకి ఎన్నో శిలాజాలను కూడా నెట్టారు, కొంతకాలం అది పేరు తెలియనివాటి సత్రంలా నడిచింది. నేడు జన్యువులూ శరీర నిర్మాణమూ కలిపి చూస్తే ఎపియోఫ్లేబియాకు తూనీగలతోనే దగ్గరి చుట్టరికం. రెక్క పాత పోలికను నిలుపుకుంది, అంతే. ఆ రెక్కను మాత్రమే చూసి ఉంటే ఇప్పటికీ దాన్ని తప్పు ఇంట్లో కూర్చోబెట్టేవాళ్ళం.

మేఫ్లై దగ్గరికి వస్తే ఈ వాదం మరీ బలపడుతుంది. ఆ క్రమం పేరుకు అర్థమే ఒక్కనాటి రెక్క. హంగరీలో తీసా నది ఒండ్రుగట్టుల్లో పలింజెనియా లాంగికాడా పిల్లపురుగు బొరియ చేసుకుని సుమారు మూడేళ్ళు బతుకుతుంది. జూన్ నెలలో ఒక సాయంత్రం పైకి తేలి, రెక్కలు విప్పి, జతకట్టి, గుడ్లు పెట్టి కొన్ని గంటల్లో చనిపోతుంది. నదిమీద వేలకువేలుగా లేచే ఆ గుంపును అక్కడివారు తీసా పువ్వు అంటారు. రెక్కలొచ్చిన మేఫ్లైకి పనిచేసే నోరుండదు, తిండీ ఉండదు. ఇంకో విశేషం కూడా ఉంది. నేడు బతికి ఉన్న కీటకాల్లో రెక్కలొచ్చి ఎగిరాక కూడా మరోసారి కుబుసం విడిచేది మేఫ్లై ఒక్కటే. మొదట మసకబారిన రెక్కలతో ఎగిరి గట్టు చేరుతుంది, అక్కడ రెక్కలతో సహా చర్మం విడిచి గాజులాంటి రెక్కలతో మళ్ళీ లేస్తుంది. మూడేళ్ళ బతుకులో మూడు గంటల భాగాన్ని పిన్నుకు గుచ్చి జాతి ఇదీ అని చెప్పడం ఎంత అరకొర పనో వేరే చెప్పాలా? 1675లోనే డచ్చి శాస్త్రవేత్త స్వామర్‌డామ్ ఇదే పలింజెనియాను తన దేశపు నదుల్లో పట్టి, పిల్లపురుగును కోసి చూసి దాని జీవితాన్ని వర్ణించాడు. ఆయన నీటిలోనే మొదలుపెట్టాడు. ఆయన దేశపు నదుల్లో ఆ కీటకం ఇప్పుడు లేదు.

తర్వాతివారు ఆ దారిలో ఎక్కువగా నడవలేదు. ఒకరు పిల్లపురుగును చూసి ఒక పేరు పెడతారు, ఇంకొకరు రెక్కలున్నదాన్ని దీపం దగ్గర పట్టి ఇంకో పేరు పెడతారు. రెండూ ఒకటేనని తెలియాలంటే పిల్లను తొట్టిలో పెంచి, అది రెక్కలు విప్పేదాకా కాచుకోవాలి. ఓపిక అక్కర్లేని దారి కాదది. అంత ఓపిక పట్టినా ఇంకో పొర మిగులుతుంది. యూరప్ వాగుల్లో అందరికీ తెలిసిన, అతి సాధారణమైన బేటిస్ రొడానీ అనే మేఫ్లైను 2006లో జన్యుపరంగా పరిశీలిస్తే ఒకే పేరు కింద కనీసం ఏడు వేర్వేరు వంశాలు బయటపడ్డాయి. శతాబ్దంన్నరకు పైగా పరిశోధకులు రోజూ చూసిన కీటకం పరిస్థితే ఇదయితే, ఎవరూ వల వేయని వాగుల సంగతి ఊహించుకోవచ్చు.

రెక్క రేపిన అతి పెద్ద వివాదం ఇంకోటి ఉంది. తూనీగలు, మేఫ్లైలు రెక్కలను ఈగలా, బొద్దింకలా వీపు మీద పరుపుగా మడవలేవు. ఆ ఒక్క పోలికతో రెండు క్రమాలనూ పాలియోప్టెరా, అంటే పాత రెక్కలవి అన్న గుంపుగా కలిపారు. కానీ పాత లక్షణం మిగిలి ఉండటం చుట్టరికానికి రుజువు కాదన్నది విలీ హెన్నిగ్ 1950లో గట్టిగా చెప్పిన సూత్రం. ఇద్దరు మనుషులు పంచె కట్టినంత మాత్రాన అన్నదమ్ములు కారు, తక్కినవారు ప్యాంటుకు మారినా వారు మారలేదని మాత్రమే అది చెబుతుంది. అందుకే మూడు పక్షాలు ఏర్పడ్డాయి. మొదటి పక్షం ఇద్దరూ తోబుట్టువులే అంటుంది. పిల్లపురుగుల దవడ నిర్మాణం, ముళ్ళలా పొట్టిబడ్డ మీసాలు దాని సాక్ష్యాలు. రెండో పక్షం మేఫ్లై అన్నిటికన్నా ముందే విడిపోయిందనీ, తూనీగలు తక్కిన రెక్కల కీటకాలకు దగ్గరనీ అంటుంది. ఎగిరాక కుబుసం విడిచే ఆ పాత అలవాటును మేఫ్లై తప్ప అందరూ మానుకున్నారు కదా అన్నది వారి తర్కం. మూడో పక్షం ముందు విడిపోయింది తూనీగేనంటుంది. మేఫ్లైలూ తక్కిన కీటకాలూ నేరుగా జతకడతాయి, మగ తూనీగ మాత్రం పొట్ట కొసన తయారయ్యే వీర్యాన్ని ముందుగా రెండో ఖండంలోని వేరే అవయవానికి చేర్చుకుని, అక్కడి నుంచి ఆడదానికి అందిస్తుంది. 2014లో 1,478 జన్యువులతో కీటకాల వంశవృక్షాన్ని నిర్మించిన భారీ అధ్యయనం మొదటి పక్షం వైపు మొగ్గింది, కానీ గట్టి బలంతో కాదు. ఆ మూడు కొమ్మలూ అతి తక్కువ కాలంలో చీలి, ఆపై ముప్పై కోట్ల ఏళ్ళకు పైగా ఎవరి దారి వారిదైంది. చీలిక గుర్తులన్నీ ఆ పొడవాటి కాలం కింద చెరిగిపోయాయి. నా మటుకు నేను మొదటి పక్షాన్నే ఎక్కువ నమ్ముతాను, పిల్లపురుగుల నోటి సాక్ష్యాన్ని బట్టి. కానీ ఆ ముడి విడిపోయినట్టు పాఠ్యపుస్తకాల్లో రాయడం తొందరపాటు. మూడు పక్షాలనూ విద్యార్థి ముందు పెట్టాలి.

ఇక అభ్యంతరాలు. డీఎన్ఏ ఉండగా రెక్క ఎందుకు, పిల్లపురుగు ఎందుకు, ఒక చిన్న ముక్క చదివితే జాతి తెలిసిపోదా అంటారు. ఉత్తరార్ధగోళపు చెరువుల్లో ఉండే ఎనలాగ్మా అనే సన్నతూనీగల్లో ఇటీవలి మంచుయుగాల కాలంలో విడిపోయిన జాతులున్నాయి. మగవాటి తోక కొసన ఆడదాన్ని పట్టుకునే కొక్కేలు ఒక్కో జాతికి ఒక్కో ఆకారంలో ఉంటాయి. ఆ జాతుల్ని మైటోకాండ్రియా డీఎన్ఏతో విడదీయబోతే మాత్రం చాలాచోట్ల కుదరలేదు. బేటిస్‌లో కంటికి ఒకటే, డీఎన్ఏకి ఏడు. ఎనలాగ్మాలో కొక్కేలకు వేరు, ఆ డీఎన్ఏకి ఒకటి. ఒక సాక్షిని నమ్మి ఇంకో సాక్షిని పంపించేస్తే రెక్క విషయంలో చేసిన తప్పే కొత్త పేరుతో మళ్ళీ చేసినట్టవుతుంది. పైగా డీఎన్ఏ వరసకు పేరు తగిలించాలంటే, పేరున్న నమూనా ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి.

ఫొటోలు చాలవా అన్నది రెండో అభ్యంతరం, దీనిలో సగం నిజముంది. 2015లో ఆఫ్రికా నుంచి ఒకేసారి 60 కొత్త తూనీగ జాతులను వర్ణించారు, వాటిలో చాలావాటిని ఫొటోలో కూడా గుర్తుపట్టవచ్చు. అంటే రెక్కల దశ కూడా ఇంకా పూర్తిగా చూడలేదన్నమాట. హైదరాబాద్ బండరాళ్ళ మీద, ప్రహరీ గోడల మీద రాతి రంగు మచ్చలతో కనిపించీ కనిపించకుండా అతుక్కునే బ్రాడినోపైగా జెమినేటాకు 1842 నుంచి పేరుంది. అది ఇంటి సిమెంటు తొట్టిలో కూడా గుడ్లు పెడుతుంది. దానికి దగ్గరి చుట్టాన్ని కొంకణ తీరంలో కొత్త జాతిగా గుర్తించింది 2020లో. కెమెరా చేతిలో ఉన్నవారి ఆసక్తి లేకుండా ఇలాంటివి బయటికి రావు, వారిని తక్కువ చేయడం నాకు ఇష్టం లేదు. కానీ ఫొటో తూనీగలకు ఇచ్చినంత మేఫ్లైకి ఇవ్వదు. గంటల్లో చచ్చిపోయే, బూడిదరంగు, అర అంగుళం కీటకాన్ని ఫొటో తీసే వారెందరు? భారతదేశంలో తూనీగలు సుమారు 500 జాతులు. ఆ లెక్క ఇంత బాగా తేలినా, వాటిలో చాలావాటి పిల్లపురుగులను ఇప్పటికీ ఎవరూ వర్ణించలేదు.

నీటి నాణ్యత కొలవడానికి కుటుంబం పేరు తెలిస్తే చాలు కదా అన్నది మూడోది. బ్రిటన్‌లో వాడుకలోకి వచ్చిన పద్ధతిలో హెప్టజెనిడే మేఫ్లైలకు పదికి పది మార్కులు, బేటిడే మేఫ్లైలకు నాలుగు. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా ఈ తరహా పద్ధతిని మన నదులకు అనువుగా మలిచింది. త్వరగా పని జరగాల్సిన చోట ఇది మంచి పనిముట్టే. అయితే పారే వాగులో ఉండే బేటిసూ, నిలవనీటి కుంటలో ఉండే క్లోయానూ అదే బేటిడే కుటుంబంలో ఉన్నాయి, వాటి ఓర్పు ఒకటి కాదు. సగటు మార్కు వేసినప్పుడు ముందుగా చచ్చిపోయే జాతి చప్పుడు లేకుండా పోతుంది, కుటుంబం లెక్కలో అలాగే ఉంటుంది. పేరు తెలిసిన జాతి పోతే ఎలా తెలుస్తుందో ఈరీ సరస్సు చూపించింది. అక్కడి పశ్చిమ భాగంలో 1953లో అడుగు నీటిలో ప్రాణవాయువు తగ్గిపోయి హెక్సజీనియా మేఫ్లై ఇంచుమించు తుడిచిపెట్టుకుపోయింది. కాలుష్యానికి కళ్ళెం వేశాక 1990లలో తిరిగొచ్చింది. ఆ రాక, ఆ పోక రెండూ నమోదయ్యాయంటే ఆ కీటకం ఏదో, దాని పిల్ల ఏ బురదలో ఉంటుందో ముందే తెలుసు కాబట్టి. 2021లో ప్రపంచ తూనీగలన్నిటినీ మొదటిసారి పూర్తిగా అంచనా వేసి, 6,016 జాతుల్లో 16 శాతం ముప్పులో ఉన్నాయని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ప్రకటించింది. మేఫ్లైలకు అలాంటి లెక్క నేటికీ లేదు. వాటికి ముప్పు లేకపోవడం దీనికి కారణం కాదు. పేర్ల పని అంతదాకా రాలేదు.

పేర్లు ఊరికే మారుతుంటాయని విసుక్కునేవారికి ఒక్క మాట. ప్రోటోన్యూరిడే రద్దయినప్పుడు ప్రొడాసిన్యూరా పేరు మారలేదు, దాని ఇల్లు మాత్రమే మారింది. జాతుల పేర్లలో చాలావరకు అలాగే నిలుస్తాయి, కోరమాండెలియానమ్ రెండు వందల ఏళ్ళు దాటినా నిలిచినట్టు.

మంచినీటి జీవుల కోసం జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా నడిపే ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. గోదావరి, కృష్ణ, కొల్లేరు, వేల చెరువులు, వరిచేల కాలువలు దాని చేతికందే దూరంలో ఉన్నాయి. కళాశాలల జంతుశాస్త్ర విభాగాలు ప్రతి చెరువు సర్వేలో రెక్కలున్నవాటి జాబితాతో పాటు నీటి అడుగు జాబితా కూడా రాయాలి. ఒక్కో పిల్లపురుగును తొట్టిలో పెంచి, అది రెక్కలు విప్పి ఎగిరాక మిగిలిన కుబుసాన్నీ, కీటకాన్నీ, ఒక కాలు నుంచి తీసిన డీఎన్ఏనూ ఒకే నంబరు కింద భద్రపరచాలి. మేఫ్లైకి మన మాటల్లో ఒక పేరు పెట్టాలి, ఉసిళ్ళలో కలపడం మానాలి. తూనీగల కోసం చెరువు గట్టుకు కెమెరాతో వెళ్ళే మిత్రులారా, ఈసారి వెళ్ళేటప్పుడు సంచిలో ఒక చిన్న వల, ఒక తెల్ల పళ్ళెం కూడా పెట్టుకోండి.